ప్రకాశం మంత్రివర్గంలో ఒకే ఒక్క మహిళ

టంగుటూరి ప్రకాశం పంతులు 1946లో మద్రాసు ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసినప్పుడు ప్రజారోగ్య శాఖను రుక్మిణీ లక్ష్మీపతికి అప్పగించారు. మద్రాసు ప్రెసిడెన్సీ చరిత్రలో మంత్రి పదవి చేపట్టిన మహిళ ఆమె ఒక్కరే. ఆంధ్రకేసరి ప్రకాశం కథలు చెప్పుకుంటూ పెరిగిన మనకు, ఆయన సహచర మంత్రి పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. ఈ మరుపు నాకు బాధగా ఉంటుంది.

మహిళలు ఆ పదవి దాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. 1917 డిసెంబరులో సరోజినీ నాయుడు నాయకత్వాన మహిళలు మద్రాసులో భారత వ్యవహారాల బ్రిటిష్ మంత్రి మాంటేగును కలిసి ఓటు అడిగారు. 1921లో మద్రాసు శాసనమండలి ఆ హక్కు ఇచ్చింది. బ్రిటిష్ ఇండియాలో అన్ని రాష్ట్రాలకంటే ముందు ఇచ్చింది ఇదే. అయితే ఓటుకు ఆస్తి ఉండాలన్నారు. పొలమూ ఇల్లూ మగవాళ్ల పేరనే ఉండే రోజుల్లో ఎంతమంది ఆడవాళ్లకు ఆ ఓటు అందుతుంది? 1927లో ముత్తులక్ష్మి రెడ్డి మండలి ఉపాధ్యక్షురాలయ్యారు, దేవదాసీ ఆచారాన్ని రద్దు చేయాలని అక్కడే పట్టుబట్టారు. ఆమె ఎన్నికై రాలేదు, ప్రభుత్వం నియమించింది.

రుక్మిణమ్మ వచ్చిన దారి వేరు. ఆయుర్వేద వైద్యులు ఆచంట లక్ష్మీపతి గారి భార్య ఆవిడ. 1930లో వేదారణ్యం ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకెళ్లారు. 1937 ఎన్నికల్లో గెలిచి శాసనసభకు ఉపసభాపతి అయ్యారు. తొమ్మిదేళ్లకు మంత్రి. ఆ పదవి ఏడాదైనా నిలవలేదు. కాంగ్రెస్ ముఠా తగాదాల్లో 1947 మార్చిలో ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. తర్వాత వచ్చిన ఓమందూరు రామస్వామి రెడ్డియార్ మంత్రివర్గంలో మహిళ లేరు. ఇచ్చిన నాయకుడు దిగిపోతే పదవీ పోయింది, ఆ చోటును మహిళకే ఉంచాలని పార్టీకి అనిపించలేదు. ఆమె 1951లో కన్నుమూశారు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1960లో టి.ఎన్. సదాలక్ష్మి ఉపసభాపతి అయ్యారు. దళిత మహిళగా దేవాదాయ శాఖ మంత్రి పదవినీ చేపట్టారామె. గుళ్ల గడప తొక్కనివ్వని కులాల నుంచి వచ్చి గుళ్ల పాలన చూడటం చిన్న విషయం కాదు. సభాపతి స్థానంలో మహిళను, కావలి ప్రతిభాభారతిని, చూడటానికి 1999 దాకా ఆగాం. హోం శాఖ సబితా ఇంద్రారెడ్డి చేతికొచ్చింది 2009లో.

ముఖ్యమంత్రి పీఠం మీద మాత్రం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంతవరకు మహిళ కూర్చోలేదు. 2014లో ఏర్పడిన తెలంగాణ తొలి మంత్రివర్గంలోనైతే ఒక్క మహిళా లేరు. 2019 సెప్టెంబరులో సబితా ఇంద్రారెడ్డి, సత్యవతి రాథోడ్ ప్రమాణం చేసేదాకా, అయిదేళ్లకు పైగా, అదే పరిస్థితి.