వాంకిడి వకీలు గారి రాజీనామా

మన ఫీల్డులో రాజీనామా అంటే చేతిలో ఇంకో ఆఫర్ లెటర్ ఉన్నాకే కదా. నేనూ రెండుసార్లు పేపర్లు పెట్టాను, రెండుసార్లూ హైక్ చూసుకునే :). మొన్న కరీంనగర్ వెళ్ళినప్పుడు ఈ సంగతి గొప్పగా చెప్తుంటే మా బాపు నవ్వి, "మంత్రి పదవికే రాజీనామా చేసినాయన ఉన్నడు, ఎర్కేనా?" అన్నాడు. నాకు తెలిసింది ఆయన పేరుతో ఉన్న హార్టికల్చర్ యూనివర్సిటీ ఒక్కటే. సిగ్గేసి చదివాను.

ఆయనే కొండా లక్ష్మణ్ బాపూజీ. మంచిర్యాల నుంచి ఆసిఫాబాద్ మీదుగా చంద్రపూర్ వైపు వెళ్తే, మహారాష్ట్ర బోర్డర్ దగ్గర వాంకిడి వస్తుంది. ఆయన 1915 సెప్టెంబర్ 27న పుట్టింది అక్కడే. పద్మశాలి కుటుంబం. లా చదివి హైదరాబాద్‌లో వకీలయ్యారు. భూమి కోసం దొరతో కొట్లాడిన చాకలి ఐలమ్మ తరఫున కోర్టులో నిలబడ్డారు. 1947 డిసెంబర్ 4న నారాయణరావు పవార్ నిజాం కారు మీద బాంబు వేసిన కేసులో ఈయన పేరు కూడా చేర్చారు, దాంతో అజ్ఞాతంలోకి వెళ్ళాల్సి వచ్చింది.

1952లో ఆసిఫాబాద్ నుంచి హైదరాబాద్ శాసనసభకి గెలిచారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక డిప్యూటీ స్పీకర్, ఆ తర్వాత మంత్రి.

ఇక్కడ మీకో డౌటు రావచ్చు. తెలంగాణ కావాలనుకునే మనిషి 1956 నుంచి 1969 దాకా ఆ ప్రభుత్వాల్లోనే ఎందుకున్నట్టు? నాకూ వచ్చింది. నాకర్థమైంది ఇదీ: 1956 ఫిబ్రవరిలో ఢిల్లీలో రెండు ప్రాంతాల నాయకులు పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఉద్యోగాల్లో వాటా, తెలంగాణ మిగులు నిధులు తెలంగాణకే, ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. వకీలుకి కాగితం మీద సంతకమంటే విలువ. అమలవుతుందేమోనని చూస్తాడు. కాలేదని తేలినప్పుడు, పార్టీ తనదే అయినా ఆ సర్కారులో కూర్చోలేడు. 1969లో పిల్లలు రోడ్డెక్కి, తుపాకులు పేలినప్పుడు కాసు బ్రహ్మానందరెడ్డి మంత్రివర్గం నుంచి బయటికొచ్చేశారు.

ఆ ఉద్యమం చల్లబడింది. 1971లో 14 లోక్‌సభ సీట్లకి 10 గెలిచిన తెలంగాణ ప్రజా సమితి కూడా కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఈయన మాత్రం మాట మార్చలేదు. 2001 ఏప్రిల్ 27న టీఆర్ఎస్ పుట్టింది హుస్సేన్ సాగర్ పక్కనున్న ఈయన ఇల్లు జలదృశ్యంలోనే. తర్వాత ఆ ఇంటిని కూల్చేశారు. తొంభై దాటాక కూడా ఢిల్లీ వెళ్ళి జంతర్ మంతర్ దగ్గర దీక్షలో కూర్చున్నారు.

2012 సెప్టెంబర్ 21న పోయారు, 97 నిండడానికి ఆరు రోజులుందనగా. తెలంగాణ వచ్చింది 2014 జూన్ 2న. ఇరవై నెలల తేడా. 1969 నుంచి లెక్కేస్తే 43 ఏళ్ళ ఎదురుచూపు!

మనకి మూడు నెలల నోటీస్ పీరియడే యుగంలా ఉంటుంది. ఈసారి ఊరెళ్తే బాపుతో నా హైక్ సంగతి ఎత్తను.