అడవిలో మిగిలిన రైతుల భాషలు

శ్రీకాకుళం కొండల్లో సవరలు మాట్లాడే భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. దాని దాయాదులు ఖాసీ కొండల్లో ఉన్నారు, కంబోడియాలో, వియత్నాంలో ఉన్నారు. ఈ ఆస్ట్రోఏషియాటిక్ వంశంలోదే మరో చిన్న శాఖ మలయా ద్వీపకల్పపు అడవుల్లో ఉంది. పేరు అస్లియన్. సెమాయ్, తెమియార్, జహాయ్, మహ్ మెరి వంటి భాషలు ఇరవైకి అటూ ఇటూగా ఉంటాయి. కొన్నింటిని మాట్లాడేది వందల మందే.

మాట్లాడేది అక్కడి ఆదివాసులు, ఒరాంగ్ అస్లీలు. అందుకని ఆ నేలమీద మొదట వినిపించినవి ఈ భాషలేనని ఎవరైనా అనుకుంటారు. కానీ పరిశోధకులు చెప్పే కథ వేరు. సుమారు 4,000 ఏళ్ల కిందట ఉత్తరం నుంచి సేద్యం, కుండలతోపాటు దిగివచ్చిన రైతుల భాష ఇది. అంతకు ముందు నుంచీ అక్కడ వేటాడి, దుంపలు తవ్వుకు తిన్నవాళ్లు ఆ భాషను తమదిగా చేసుకున్నారు. వాళ్ల పాత భాషలేమిటో ఆనవాలు కూడా దొరకదు. మలయ్ వచ్చింది చాలా తర్వాత, సముద్రం మీదుగా. అది వేరే కుటుంబం.

ఒరాంగ్ అస్లీలు అడవిలోకి ఒదిగిపోవడం వెనక భయం కూడా ఉంది. 19వ శతాబ్దం దాకా బానిసల కోసం వాళ్ల ఊళ్ల మీద దాడులు జరిగేవి, ముఖ్యంగా పిల్లల్ని ఎత్తుకుపోయేవారు. పై ఊరివాడు కనిపిస్తే పారిపోయే జనం భాషను ఎవరు రాసుకుంటారు? 1906లో స్కీట్, బ్లాగ్డెన్ అనే పండితులు అచ్చువేసిన పెద్ద గ్రంథంలో ఈ భాషల పదాల పట్టికలు చేరాయి. అదే ఏడాది విల్‌హెల్మ్ ష్మిట్ అనే ఫాదరీ మొత్తం వంశానికి ఆస్ట్రోఏషియాటిక్ అని పేరుపెట్టాడు. అస్లియన్ అన్న పేరు మాత్రం 1970లలో గానీ స్థిరపడలేదు.

ఆ తర్వాత పండితులకు ముచ్చట గొలిపింది జహాయ్. వాసనల్ని మనం మల్లెవాసన, పచ్చిచేపల వాసన అంటూ వస్తువు పేరుతో చెబుతాం. జహాయ్‌లో వాసనలకే సొంత మాటలున్నాయి. పులిని రప్పించే నెత్తుటి వాసనకూ ఒకటి ఉంది. రంగుల్ని చెప్పినంత సులువుగా వాళ్లు వాసనల్ని చెబుతారని 2014లో ఒక అధ్యయనం తేల్చింది.

ఆ జహాయ్ కోసమే స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయం వాళ్లు మలేషియాలోని కెలంతాన్ రాష్ట్రంలో ఒక ఊరికి వెళ్లారు. అక్కడ చాలామంది మాట్లాడేది జహాయ్ కాదు! అంతకు ముందు మానవశాస్త్రవేత్తలు ఎందరో వచ్చిపోయినా ఎవరికీ పట్టని ఆ భాష జెదెక్ అని 2017లో లోకానికి తెలిసింది. మాట్లాడేవాళ్లు సుమారు 280 మంది, ఒకప్పటి సంచార వేటగాళ్లే.