క్రూయిజర్ కొలతలు, కూర్చునే మనిషి

రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియార్ 350, సూపర్ మీటియార్ 650, బజాజ్ అవెంజర్ 220 క్రూయిజ్. మన రోడ్ల మీద తిరిగే ఈ మూడు క్రూయిజర్ బళ్ళ కొలతలను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, ఏది ఎవరి ఒంటికి నప్పుతుందో తెలుస్తుంది.

సీటు ఎత్తు: మీటియార్‌ది 765 మిల్లీమీటర్లు, సూపర్ మీటియార్‌ది 740, అవెంజర్‌ది 737. క్రూయిజర్ కాని క్లాసిక్ 350కి ఇది 805. పొట్టివాళ్ళకు ఈ నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల తేడా చాలా పెద్దది. సిగ్నల్ దగ్గర మునివేళ్ళ మీద నిలబడాలా, పాదమంతా ఆనుతుందా అన్నది ఇక్కడే తేలుతుంది. అయితే అంకె ఒక్కటే చూసి నమ్మకూడదు. సీటు మరీ వెడల్పుగా ఉంటే తొడలు ఎడంగా జరిగి, కాలి పొడవు కొంత అక్కడే ఖర్చవుతుంది. కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించి చూడాల్సిందే.

బరువు: మీటియార్ 191 కిలోలు, సూపర్ మీటియార్ 241. బండి కదిలాక ఈ తేడా అంతగా తెలియదు. ఏటవాలు పార్కింగులోంచి వెనక్కి తోసేటప్పుడు తెలుస్తుంది. తక్కువ సీటు వల్ల అసలు మేలు అప్పుడే.

ఫుట్‌పెగ్గులు: క్రూయిజర్ స్వభావమంతా వీటిలోనే ఉంది. ఇవి ముందుకు ఉండటంతో మోకాళ్ళు ఎక్కువ మడవక్కర్లేదు. పొడుగు కాళ్ళవాళ్ళకు ఇది నిజంగా హాయి. కానీ భారమంతా నడుము మీదికి చేరుతుంది. మామూలు బండి మీద గుంత రాగానే పెగ్గుల మీద కాస్త లేస్తాం, కుదుపును మోకాళ్ళు తీసుకుంటాయి. పాదాలు ముందుకు చాపి కూర్చున్నప్పుడు అలా లేవడం కష్టం, దెబ్బ తిన్నగా వెన్నుకే తగులుతుంది. పైగా సీటు కిందికి దిగేకొద్దీ వెనక సస్పెన్షన్‌ కదలడానికి చోటు తగ్గుతుంది. సూపర్ మీటియార్‌లో ఆ కదలిక 101 మిల్లీమీటర్లే. నడుము నొప్పి ఉన్నవాళ్ళు, క్రూయిజర్ అంటేనే సుఖమన్న మాట విని కొనకూడదని నా గట్టి అభిప్రాయం. గతుకుల రోడ్డు మీద కాసేపు నడిపి చూశాకే డబ్బు కట్టాలి.

హ్యాండిల్‌బార్: మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. పొట్టి చేతులవాళ్ళు బార్‌ను పూర్తిగా తిప్పి, దూరం జరిగిన పిడి అందుతుందో లేదో చూసుకోవాలి.

వీల్‌బేస్, రేక్: రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం వీల్‌బేస్, ముందు ఫోర్కు వాలు రేక్. మీటియార్ వీల్‌బేస్ 1400 మిల్లీమీటర్లు, అవెంజర్‌ది 1490, సూపర్ మీటియార్‌ది 1500. ఇవి పెరిగేకొద్దీ హైవే మీద నిలకడ పెరుగుతుంది, ఇరుకు సందులో బండి తిప్పడం కష్టమవుతుంది. రోజూ ఊళ్ళోనే తిరిగేవాళ్ళకు మీటియార్ చాలు.

గ్రౌండ్ క్లియరెన్స్: మీటియార్‌కు 170 మిల్లీమీటర్లు, సూపర్ మీటియార్‌కు 135. ఇద్దరు ఎక్కి సామాను కడితే ఇది ఇంకా తగ్గుతుంది, ఎత్తైన స్పీడ్ బ్రేకర్‌కు బండి అడుగు తగలొచ్చు. మలుపులో బాగా వాలిస్తే పెగ్గు నేలను గీస్తుంది. అంతకు మించి వాల్చొద్దని దాని అర్థం.

వెనక సీటు: కొనేటప్పుడు చాలామంది పట్టించుకోనిది, ఇంట్లోవాళ్ళు రోజూ భరించేది ఇదే. వెనక కూర్చున్నవాళ్ళ బరువు ఎక్కువగా వెనక చక్రం మీదే పడుతుంది కాబట్టి స్ప్రింగుల ప్రీలోడ్ (ముందస్తు బిగింపు) పెంచాలి. మీటియార్‌లో దీనికి ఆరు మెట్లున్నాయి. ఒక్కరే వెళ్ళేటప్పుడు మళ్ళీ తగ్గించాలి. చీర కట్టి ఒక పక్కకు కూర్చుంటే బరువు ఆ వైపుకే లాగుతుంది, నెమ్మదిగా పోయేటప్పుడు బండిని నిలకడగా ఉంచడం కష్టమవుతుంది. అందుకే టెస్ట్ రైడ్‌కు వాళ్ళనూ ఎక్కించుకుని వెళ్ళాలి.