పాత ఇంటిని విప్పి మరోచోట నిలబెట్టాలంటే

ఊరి నుంచి ఎవరు విజిట్ వీసా మీద వచ్చినా బుర్జ్ ఖలీఫా, గ్లోబల్ విలేజ్ అయ్యాక మేం తప్పకుండా తీసుకెళ్లే చోటు బర్ దుబాయ్‌లోని అల్ ఫహీదీ. ఇరుకు సందులు, ఇసుక రంగు గోడలు, పైన గాలి గోపురాలు. పోయిన చలికాలం మా అత్తగారు అక్కడ ఒక గోడ మీద చెయ్యి వేసి చూసి, "మన సున్నపు గోడల్లాగే చల్లగా ఉన్నాయే" అన్నారు. ఆ వారంలోనే కోనసీమ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేశాడు. తాతయ్య కట్టించిన మండువా లోగిలి పడగొట్టేద్దామని అనుకుంటున్నారట. స్థలం అమ్మేస్తారు, కలప కొనేవాడు వచ్చి స్తంభాలు కొలుచుకుని మరీ వెళ్లాడు.

"దాన్ని అలాగే విప్పి ఇంకో చోట పెట్టుకోలేమా అన్నయ్యా?" అని అడిగితే నవ్వాడు. "ఇల్లేమన్నా మంచమా, విప్పి బిగించడానికి?" అన్నాడు. నిజమే కదా అని ఫోన్ పెట్టేశాను కానీ నిద్ర పట్టలేదు. చదివింది బీఎస్సీ, పిల్లలు స్కూలుకెళ్లాక కాస్త తీరిక ఉంటుంది. కొన్ని నెలలు ఇదే పనిగా కూర్చున్నాను. ఇలాంటి ఫోన్ మీకూ ఏదో ఒక రోజు వస్తుంది కాబట్టి, తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మాట: విప్పి బిగించొచ్చు. మన పక్కనే చేసి చూపించారు. చెన్నై దాటి మహాబలిపురం వెళ్లే దారిలో ముట్టుకాడు దగ్గర దక్షిణచిత్ర అని ఒక మ్యూజియం ఉంది. అమెరికాలో పుట్టి చెన్నై కోడలైన డెబోరా త్యాగరాజన్ చొరవతో 1984లో ఏర్పడిన మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ దాన్ని నడుపుతోంది. సందర్శకుల కోసం తెరిచింది 1996లో. అక్కడ 18 పాత ఇళ్లున్నాయి. తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర ప్రాంతాల్లో యజమానులు వదిలించుకోబోతున్న ఇళ్లను కొని, విప్పి, లారీల్లో తెచ్చి, ఆ ఇళ్లు ఏ ప్రాంతానివో అక్కడి పనివాళ్లనే పిలిపించి మళ్లీ నిలబెట్టారు. స్థలం నక్షాకు లారీ బేకర్ చెయ్యి వేశారు, తర్వాత బెన్నీ కురియకోస్ పని నడిపారు. చెట్టినాడు వర్తకుడి ఇల్లు, కొట్టాయం దగ్గర పుదుపల్లి నుంచి తెచ్చిన సిరియన్ క్రైస్తవ కుటుంబం చెక్క ఇల్లు అక్కడున్నాయి. మనవాళ్లవి కూడా ఉన్నాయి: నల్గొండ వైపు ఇకత్ నేతగాళ్ల ఇల్లు, విశాఖ తీరపు చుట్టిల్లు. సెలవుల్లో చెన్నైలో దిగితే పిల్లల్ని తీసుకెళ్లండి. మగ్గం పెట్టుకోవడానికి ఇంట్లో చోటు ఎలా వదిలేవారో చూస్తే అర్థమవుతుంది.

పాత ఇళ్లను ఒకచోట చేర్చడం ఆయన నుంచే మొదలైందని చెప్పుకునే పేరు స్వీడన్‌కు చెందిన ఆర్టుర్ హజేలియస్. 1891లో స్టాక్‌హోంలో స్కాన్సెన్ అనే చోటు తెరిచి, పల్లెల నుంచి చెక్క ఇళ్లను తెప్పించాడు. చైనాలో అన్‌హుయ్ రాష్ట్రంలోని ఒక పల్లెలో రెండు వందల ఏళ్ల వర్తకుడి ఇల్లు యిన్ యు తాంగ్‌ను ముక్కముక్కగా విప్పి సముద్రం దాటించారు. అది ఇప్పుడు అమెరికాలో సేలం పట్టణపు పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో ఉంది, 2003 నుంచి జనం చూస్తున్నారు.

విప్పకుండా ఇంటిని మొత్తంగా లేపి జరిపే పద్ధతి ఇంకొకటి. మన దగ్గర కూడా రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడితే జాకీలు పెట్టి లేపుతున్నారు, మీ ఊళ్లోనూ చూసే ఉంటారు. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ హామిల్టన్ 1802లో కట్టుకున్న ఇంటిని ఇలాగే రెండుసార్లు జరిపారు, 1889లో ఒకసారి, 2008లో మరోసారి. రెండోసారి పక్కనున్న చర్చి వసారా అడ్డొస్తే ఇంటిని దాని పైదాకా లేపి దాటించారు! కానీ ఈ పద్ధతి దగ్గరి దూరాలకే. పది కిలోమీటర్లు పోవాలంటే దారిలో కరెంటు తీగలు, వంతెనలు, మలుపులు ఎన్నని దాటిస్తాం? విప్పడమే దారి.

అయితే విప్పడానికి ఏ ఇల్లు ఒప్పుకుంటుంది? ఇక్కడే నాకు అల్ ఫహీదీ గుర్తొచ్చింది. బస్తకియా అని పాత పేరు. దక్షిణ ఇరాన్‌లోని బస్తక్ ప్రాంతపు వర్తకులు, పన్నులు తక్కువని దుబాయ్ చేరి, పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి క్రీక్ ఒడ్డున కట్టుకున్న ఇళ్లివి. వస్తూ వస్తూ గాలి గోపురం కట్టే విద్య కూడా తెచ్చుకున్నారు. దాన్ని బర్జీల్ అంటారు. నాలుగు వైపులా తెరిచి, లోపల అడ్డంగా గోడలు పెడితే ఏ దిక్కు గాలైనా కిందికి దిగుతుంది. ఏసీ లేని రోజుల్లో అదే ఏసీ.

1980ల్లో ప్రభుత్వ కార్యాలయాల కోసం ఈ పేటలో సగం పోయింది. 1989లో మిగతా సగానికీ అదే గతి రాసిపెట్టి ఉంది. అక్కడ ఒక ఇంటిని బాగు చేసుకుని ఉంటున్న రేనర్ ఆటర్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్, దుబాయ్ రానున్న బ్రిటన్ యువరాజు చార్లెస్‌కు ఉత్తరం రాశాడు. ఆయన వచ్చి, సందులన్నీ తిరిగి చూసి, వీటిని ఉంచుకోవాలని అన్నారు. కూల్చివేత ఆగింది. తర్వాత మున్సిపాలిటీయే ఒక్కో ఇంటినీ బాగు చేయించింది. ఇప్పుడు మనం ఫొటోలు దిగేది ఆ మిగిలిన సగంలో.

అంత కష్టం ఎందుకు, ఎడారిలో బోలెడు స్థలం ఉంది, ఇళ్లను తీసుకెళ్లి అక్కడ పెట్టొచ్చు కదా అని నాకూ అనిపించింది. కుదరదు. ఆ గోడలు సముద్రంలో తవ్వి తెచ్చిన పగడపు రాయి. స్పాంజిలా చిల్లులు, తేలిక, వేడిని లోపలికి రానివ్వదు. కానీ రాయికీ రాయికీ మధ్య జిప్సం అతుకు. ఒక రాయి పీకితే పక్కరాయి కూడా పెళుసుగా రాలుతుంది. అసలు జిప్సం నీళ్లలో కొద్దిగా కరుగుతుంది కూడా, లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు. ఏడాదికి వంద మిల్లీమీటర్ల వాన పడే దుబాయ్‌లో చెల్లింది కానీ కోనసీమలో ఒక్క తుపానుకు ఆగదు. ఈ ఇళ్లను ఉన్నచోటే కాపాడుకోవాలి, లేదా వదులుకోవాలి. పైకప్పుకు వాడిన కలప మాత్రం విప్పితే వస్తుంది. అది తూర్పు ఆఫ్రికా నుంచి ఓడల్లో వచ్చిన మడ చెట్ల వాసం, ఇక్కడ చందల్ అంటారు. ఆ కర్ర పొడవు ఎంతో గది వెడల్పు అంతే. పాత ఎమిరాతీ గదులన్నీ సన్నగా పొడవుగా ఎందుకుంటాయో నాకు అప్పుడు తెలిసింది.

ఇదే దేశంలో ఇంకో రకం ఇల్లు ఉండేది, ఖర్జూర మట్టలతో అల్లిన అరీష్. వేసవిలో జనం తీరం వదిలి అల్ ఐన్, లివా తోటల వైపు పోయేవాళ్లు. అక్కడా ఇలాంటి పాకల్లోనే ఉండేవాళ్లు. దానికి విప్పడం బాధ కాదు, కాలం బాధ. గాలికి, ఎండకు మట్టలు పోతాయి, మళ్లీ అల్లాల్సిందే.

మన ఇళ్లు ఈ రెంటికీ మధ్యలో ఉన్నాయి. చుట్టింటి మట్టి గోడను ఎక్కడికీ మొయ్యలేం, వెళ్లిన చోట మళ్లీ మట్టి తొక్కాలి. నిట్రాడు, వాసాలు తీసుకెళ్లొచ్చు. మండువా లోగిలి మాత్రం విప్పడానికే కట్టినట్టుంటుంది. పాత వడ్రంగులు మేకు తక్కువ వాడారు. ఒక దూలం కొసను సన్నగా చెక్కి స్తంభం తలలోని బెజ్జంలో దించి, చెక్క చీలతో బిగించేవారు. చీల తడితే ఊడుతుంది. గోడల ఇటుకలకు సున్నం అతుకు. సున్నం ఇటుక కంటే మెత్తన కాబట్టి జాగ్రత్తగా కొడితే అతుకు విడిపోయి ఇటుక మిగులుతుంది. సిమెంటు అయితే ఇటుకే పగులుతుంది. అందుకే, 'బలంగా ఉంటుంది' అని ఎవరైనా పాత సున్నపు గోడకు సిమెంటు పూత వేయించి ఉంటే ఆ భాగం దాదాపు పోయినట్టే. మా ఇంట్లో వంటగది వైపు గోడ అలా పోయింది.

ఇక పని ఎలా చేస్తారన్నది. విప్పడం కట్టిన దానికి తిరగేసి జరుగుతుంది: పెంకులు, పట్టీలు, వాసాలు, దూలాలు, స్తంభాలు, చివరికి ద్వారబంధాలు, గడపలు. కానీ దానికి ముందు చెయ్యాల్సిందే అసలు పని. ప్రతి గదినీ కొలిచి గీతలు గీయించాలి, ప్రతి అతుకునూ దగ్గర నుంచి ఫొటో తియ్యాలి, ప్రతి చెక్కకూ నంబరు వెయ్యాలి. సుద్దతో రాస్తే ఒక్క వానకు పోతుంది. చిన్న రేకు బిళ్ల మీద అంకె కొట్టి, కనపడని వైపు దిగ్గొట్టాలి. నంబరులో దిక్కు, వరస రెండూ ఉండాలి. పన్నెండు స్తంభాలూ ఒకేలా కనిపిస్తాయి కానీ ఏ స్తంభం బెజ్జం ఆ స్తంభానిదే, మారిస్తే దిగదు. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోబోయిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఆలంపురానికి తరలించినప్పుడూ, అంతకుముందు నాగార్జునకొండ కట్టడాలను కొండపైకీ, అనుపుకూ చేర్చినప్పుడూ పని ఇలా ఒక్కో రాయినీ గుర్తుపెట్టుకునే జరిగింది. ఆలంపురం వెళ్తే ఆ గుడి చుట్టూ ఒకసారి తిరగండి, తరలించింది అని చెబితే తప్ప తెలియదు.

చాలామంది దెబ్బతినేది విప్పాక. ఎనభై ఏళ్లు బరువు మోసిన దూలం బరువు తీసేయగానే మెల్లగా వంపు తిరుగుతుంది. ఎండలో పడేస్తే బీటలు, నేల మీద పడేస్తే చెద. నీడలో, నేలకు అడుగు ఎత్తున, వరసకూ వరసకూ మధ్య సన్న కర్రలు పెట్టి పేర్చాలి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లు పూయిస్తే పురుగు పట్టదు. స్తంభం కాళ్లు చెదకు పోయి ఉంటే పోయినంత కోసి కొత్త టేకు అతికించొచ్చు, స్తంభం మొత్తం పారేయక్కర్లేదు. మాకు ఇచ్చిన అంచనాలో లారీ బాడుగ చిన్న లెక్క, వడ్రంగుల కూలీ పెద్దది. ఈ పని తెలిసిన వాళ్లు తగ్గిపోతున్నారు, ఉన్నవాళ్లకు అరవై దాటాయి.

పోయేవి పోతాయని ముందే ఒప్పుకోవాలి. గచ్చు రాదు. గోడలో గూళ్లు రావు, మళ్లీ కట్టాలి. అరుగు రాదు. మా పెద్దమ్మ ఇంకో మాట అంది, పాత ఇంటి కలప కొత్త ఇంటికి వాడకూడదంటారు కదా అని. కొత్త ఇల్లు కాదు పెద్దమ్మా, అదే ఇల్లు అన్నాను. పంతులుగారు కూడా దీన్ని ఒప్పుకున్నారు. ముఖం మాత్రం తూర్పుకే ఉండాలన్నారు. నా లెక్కలోనూ అంతే, వాన, గాలి ఏ దిక్కునుంచి వస్తాయో చూసుకునే ఆ చూరు దించారు.

విదేశాల్లో ఉన్నవాళ్లం కాగితాల సంగతి మరచిపోకూడదు. వారసులందరి సంతకాలు లేనిదే ఒక్క పెంకు దింపకండి. మనం వెళ్లలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడే రాసి, దుబాయ్‌లో కాన్సులేట్ లేదా అబుదాబిలో ఎంబసీ ముద్ర వేయించి పంపాలి. అది ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి, దాటితే తలనొప్పి. కొత్త స్థలంలో కట్టడానికి పంచాయతీ అనుమతి మామూలు ఇంటికి లాగే కావాలి.

ఇంకొకటి. "ఇల్లు పోతే పోయింది, ఆ చెక్కిన తలుపొకటి తెచ్చి మన విల్లాలో పెట్టుకుందాం" అనే వాళ్లు మన స్నేహితుల్లోనే ఉన్నారు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన అలాంటి పనితనపు వస్తువు పురావస్తువు, దాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. నూరేళ్లు నిండలేదంటే పురావస్తు శాఖ నిపుణుల కమిటీ నుంచి ఆ మేరకు సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. కంటైనర్‌లో సోఫాల మధ్య పెట్టి పంపిస్తామని చెప్పే ఏజెంట్ల మాట వినకండి.

మా ఇల్లు ఇప్పుడు సగం దారిలో ఉంది. వేసవిలో వెళ్లి పదకొండు రోజులు అన్నయ్య, నేను, డెబ్భై ఏళ్ల వడ్రంగి తాతగారు కలిసి కొలతలు తీశాం. నంబర్లు 412 వచ్చాయి. కలప కొనేవాడు ఇంకోసారి వచ్చి రేటు పెంచాడు, చిన్నబాబాయి కాస్త ఊగాడు కూడా. చివరికి ఊరి చివర కొబ్బరితోటలో ఎనిమిది సెంట్లు మా అన్నయ్య ఇస్తానన్నాడు. ఒక్క సంతకం రావాలి, టెక్సాస్‌లో ఉన్న అత్తయ్య కొడుకుది. బిళ్లల పుస్తకం నకలు ఒకటి షార్జాలో మా బీరువాలో ఉంది. మా అబ్బాయి అప్పుడప్పుడు తీసి, "అమ్మా, తూర్పు 3 అంటే నువ్వు ఎక్కి పడ్డ స్తంభమేనా?" అని అడుగుతుంటాడు. కాదు, నేను పడింది తూర్పు 5 మీద నుంచి.