సముద్రపు పట్టు నుండి పార్కిన్సన్ మందు వరకు

తడి చర్మానికి ప్లాస్టరు అంటుకోదన్నది అందరి అనుభవమే. శస్త్రవైద్యునికి ఇది చిన్న సమస్య కాదు. శరీరం లోపల అంతా తడే. కానీ మస్సెల్ అనే రెండు చిప్పల సముద్రజీవి అలల తాకిడిని తట్టుకొని, తడి రాతినే పట్టుకొని బ్రతుకుతుంది. దాని బలమంతా ‘బిసస్’ అనే దారాలలో ఉంది.

ఈ పేరు ఒక పొరపాటు ఫలితం. పిన్నా అనే పెద్ద ఆల్చిప్ప సముద్రపు లోతు నుండి నిటారుగా పెరుగుతుందని అరిస్టాటిల్ వ్రాశాడు. గ్రీకులో లోతుకూ, సన్నని నారవస్త్రానికీ దాదాపు ఒకే మాట. 15వ శతాబ్దంలో థియొడోర్ గాజా లాటిన్‌లోకి అనువదిస్తూ రెండవ అర్థాన్ని గ్రహించాడు. ఆ పేరే దారాలకు స్థిరపడింది. ఇటలీలోని టారంటోలోనూ, సార్డీనియా ద్వీపంలోనూ పిన్నా దారాలను కడిగి, దువ్వి, వడికి, బంగారు వన్నె గల ‘సముద్రపు పట్టు’ను తయారుచేసేవారు. 2016 నుండి ఒక పరాన్నజీవి వ్యాపించి ఆ పిన్నా జాతే నేడు అంతరించే దశకు చేరింది.

మస్సెల్ దారం పోసే తీరు విచిత్రమైనది. నాలుక వంటి పాదాన్ని చాచి రాతిపై అదుముతుంది. పాదం అడుగున ఉన్న గాడిలోకి గ్రంథులు ప్రోటీన్లను స్రవిస్తాయి. అచ్చులో పోసినట్లు అవి కొద్ది నిమిషాలలో గట్టిపడి దారమవుతాయి. కొసన చిన్న బిళ్ళ రాతికి అతుక్కుంటుంది. దారంలో ముఖ్యమైనది మన స్నాయువులలో ఉండే కొల్లాజెన్ కోవకు చెందిన ప్రోటీనే.

మరి జిగురు? 1981లో హెర్బర్ట్ వెయిట్, మార్విన్ టాంజర్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు ఆ ప్రోటీన్‌లో ‘డోపా’ ఉన్నట్లు ప్రకటించారు. రాతిపై ఉన్న నీటి పొరను తప్పించి పట్టు సాధించడంలో దీనిదే ముఖ్యపాత్ర. 2007లో మెస్సర్‌స్మిత్ బృందం ఈ స్ఫూర్తితోనే, దాదాపు ఏ ఉపరితలానికైనా అంటుకొనే డోపమైన్ పూతను రూపొందించింది. తడి గాయాలను అతికించే జిగురుల కోసం పరిశోధనలు సాగుతున్నాయి.

వైద్యులకు డోపా పాత పరిచయమే. 1913లో గుగెన్‌హైమ్ దానిని ఒక రకం చిక్కుడు నుండి వేరుచేశాడు. 1937లో దామోదరన్, రామస్వామి మన దూలగొండి గింజల నుండి వేరుచేశారు. మెదడులో డోపా డోపమైన్‌గా మారుతుంది. పార్కిన్సన్ వ్యాధిలో కొరవడేది అదే. 1967లో జార్జ్ కోట్జియాస్ డోపాను క్రమంగా పెంచుతూ అధిక మోతాదులో ఇచ్చి, బిగుసుకుపోయిన రోగులలో కదలిక తెప్పించాడు.

ఇది చదివి ఎవరూ సొంతంగా దూలగొండి పొడి వాడవద్దని మనవి. అందులో డోపా మోతాదు ఒక్కో పొడిలో ఒక్కో రకంగా ఉంటుంది. వాంతులు, రక్తపోటు పడిపోవడం, అదుపులేని కదలికలు రావచ్చు. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవారికి ప్రమాదం మరింత ఎక్కువ. అలాగే డాక్టరు చెప్పకుండా పార్కిన్సన్ మాత్రలను హఠాత్తుగా మానరాదు. మస్సెల్‌కు డోపా ఎంత కావాలో ప్రకృతి నిర్ణయించింది. మనకెంత కావాలో వైద్యుడు పరీక్షించి నిర్ణయించాలి.