పగుళ్ళ బాయిలర్లతో యుద్ధానికి పోయిన విక్రాంత్

ఘాజీ సినిమా చూసినవాళ్ళకి విక్రాంత్ పేరు తెలిసే ఉంటుంది. కానీ 1971లో ఆ ఓడ బాయిలర్లకి పగుళ్ళున్నాయని, ఆ పగుళ్ళతోనే యుద్ధానికి పంపారని చాలామందికి తెలీదు. ఆ సంగతే రాస్తున్నా. కాస్త పొడుగు పోస్టు, తీరిగ్గా చదవండి.

అసలిది ఇంగ్లీషోళ్ళ ఓడ. 1943లో కట్టడం మొదలెట్టి హెర్క్యులిస్ అని పేరు పెట్టారు. 1945 సెప్టెంబరులో నీళ్ళలోకి దించేసరికి యుద్ధమే అయిపోయింది. పని ఆపేసి పక్కన పడేశారు. 1957లో మన ప్రభుత్వం కొని, బెల్‌ఫాస్ట్‌లో మిగతా పని చేయించింది. 1961 మార్చి 4న మన నేవీలో చేరింది. విమానాలు ఎగిరి దిగే ఓడ మనకి అదే మొదటిది. పొడవు 700 అడుగులు.

ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ చూశారుగా, ఇదీ అదే పద్ధతి, కాకపోతే ఊక బదులు ఆయిల్ మంట. అలాంటి బాయిలర్లు నాలుగు. పైన ఆవిరి డ్రమ్ము, కింద నీళ్ళ డ్రమ్ములు రెండు, మధ్యలో గొట్టాలు. ఆ ఆవిరి టర్బైన్లని తిప్పితే 40,000 హార్స్‌పవర్. మన 50 హార్స్‌పవర్ ట్రాక్టర్లు 800 కలిపినంత! వడిసెలతో రాయి విసిరినట్టు విమానాన్ని ముందుకి విసిరే యంత్రానికి కూడా ఆ ఆవిరే ఆధారం. అంటే ఆవిరి తగ్గితే ఓడా నడవదు, విమానమూ లేవదు.

1970లో ఆ నీళ్ళ డ్రమ్ముల్లోనే పగుళ్ళు కనపడ్డాయి. నాగలి విరిగితే వెల్డింగు పెట్టించినట్టు కుదిరేది కాదు. కొత్త డ్రమ్ములు ఇంగ్లండులో ఆర్డరిచ్చి, బాయిలర్లు వెలిగించొద్దన్నారు. ఓడ నెలల తరబడి బొంబాయిలో ఖాళీగా పడుంది. ఇంతలో తూర్పున యుద్ధం ముంచుకొస్తోంది.

1965 యుద్ధంలో కూడా విక్రాంత్ రేవు దాటలేదు. ఈసారీ కదలకపోతే ఇది తెల్ల ఏనుగేనంటారని కెప్టెన్ హీరానందానీ నేవీ పెద్ద అడ్మిరల్ నందాకి చెప్పారు. 1971 మార్చిలో బాయిలర్లు వెలిగించి చూశారు. ప్రెషర్ 400 పాయింట్లు దాటకూడదని హద్దు పెట్టారు. మన బండి టైరుకి పట్టేది 30 పాయింట్లు, అది తలుచుకుంటే బాయిలర్ గదిలో డ్యూటీ ఎట్లాంటిదో అర్థమవుతుంది. డ్రమ్ము పగిలితే లోపలోళ్ళు బతకరు. పైలట్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కాయిగానీ, నా లెక్కలో కింద ఆ మంట దగ్గర నిలబడ్డవాళ్ళది తక్కువ ధైర్యమేం కాదు.

25 నాట్లు పోవాల్సిన ఓడ వేగం 14 నాట్లకి పడిపోయింది, అంటే గంటకి 26 కిలోమీటర్లు. ఇక్కడ ఇంకో చిక్కుంది. విమానం లేవాలంటే ఎదురుగాలి కావాలి, ఓడ ఎంత జోరుగా పోతే అంత గాలి. ఓడ నెమ్మదైతే సముద్రం మీద గాలి వీచేదాకా చూడాలి, తూర్పారబట్టేటప్పుడు మనం చూసినట్టు.

విక్రాంత్‌ని ముంచడానికి పాకిస్తాన్ ఘాజీ అనే సబ్‌మెరైన్‌ని పంపింది. విక్రాంత్ అప్పటికి అండమాన్ వైపు ఉంది. విశాఖలో వైస్ అడ్మిరల్ కృష్ణన్, రాజ్‌పుత్ అనే పాత ఓడతో విక్రాంత్ పేరున వైర్‌లెస్ కబుర్లు పంపించారు. ఘాజీ విశాఖ దగ్గరకొచ్చి డిసెంబరు 3 అర్ధరాత్రి తర్వాత మునిగిపోయింది. రాజ్‌పుత్ బాంబులకా, తను పెట్టిన మైన్‌కా అన్నది ఇప్పటికీ తెగని వాదన.

డిసెంబరు 4 పొద్దున విక్రాంత్ మీంచి సీహాక్ విమానాలు లేచి కాక్స్ బజార్ మీద, ఆ తర్వాత చిట్టగాంగ్ మీద దాడి చేశాయి. తర్వాత రోజుల్లో ఖుల్నా, మోంగ్లా. తూర్పు పాకిస్తాన్‌కి సముద్రం దారి మూసుకుపోయింది. 16న ఢాకాలో వాళ్ళ సైన్యం లొంగిపోయింది.

తర్వాత హారియర్ విమానాలొచ్చాయి. 1997 జనవరి 31న రిటైరైంది. ముంబైలో మ్యూజియంగా కొన్నాళ్ళుంచి, నిర్వహణ భారమని 2014లో తుక్కు కింద అమ్మేశారు. ఆ ఇనుములో కొంత బజాజ్ కంపెనీ కొని వీ15 బండ్లలో వాడింది. మన ఊళ్ళల్లో ఇంకా తిరుగుతున్నాయవి. 2022లో చేరిన కొత్త విక్రాంత్‌కి గ్యాస్ టర్బైన్లు పెట్టారు.