కోటప్పకొండ ప్రభ: రోడ్డు మీద నడిచే తొమ్మిది అంతస్తులు

అమెరికాలో సౌత్ డకోటా అని ఒక రాష్ట్రం, అందులో మిచెల్ అనే చిన్న ఊరు. చుట్టూ పొలాలే. 1892లో అక్కడోళ్ళు ఒక పెద్ద భవనం కట్టి, గోడలన్నీ మొక్కజొన్న కంకులతో అలంకరించారు. పేరు కార్న్ ప్యాలెస్. తర్వాత మళ్ళీ కొత్తగా కట్టారు గానీ కంకులు మాత్రం వదల్లేదు. దారిన పోయేవాళ్ళు ఇప్పటికీ కార్లు ఆపి ఫొటోలు దిగుతారు. ఇది చదివినప్పుడు నాకు అనిపించింది, మనకి లేవా ఇలాంటివి?

ఎందుకు లేవు! పొన్నూరు వెళ్తే 24 అడుగుల ఆంజనేయస్వామి. గుంటూరులో మహాత్మా గాంధీ రోడ్డు మీదే జిన్నా టవర్: ఆరు స్తంభాలు, పైన గుమ్మటం. ఆ పేరు మీద గొడవలయ్యాక 2022లో మూడు రంగులు వేశారు, పేరు మాత్రం అదే. ఇంకా కొరిశపాడు దగ్గర హైవేనే రన్‌వే. 2022 డిసెంబర్ 29న బండ్లన్నీ దారి మళ్ళించి, ఎయిర్‌ఫోర్స్ విమానాలతో ట్రయల్ రన్ చేశారు.

కానీ నా ఓటు మాత్రం ప్రభకే.

తెలియనివాళ్ళకి చెప్తా. నరసరావుపేట దగ్గర కోటప్పకొండ, త్రికోటేశ్వరస్వామి గుడి. ఇప్పుడు పల్నాడు జిల్లా. మహాశివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకొని వస్తారు. కావూరు, మద్దిరాల, యడవల్లి, పురుషోత్తపట్నం, ఇలా. వెదుళ్ళు, సర్వి కర్రలతో చట్రం కట్టి, దాని మీద రంగుల గుడ్డలు, దేవుడి బొమ్మలు, వేల బల్బులు. పెద్ద వాటిని విద్యుత్ ప్రభలంటారు. 80, 90 అడుగులు. అంటే తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంట్ ట్రాక్టర్ మీద నడిచొస్తున్నట్టు! నాలుగు వైపులా మోకులు పట్టుకొని మనుషులు లాగుతుంటారు. గాలి ఎటు కొడితే దానికి ఎదురు వైపు మోకు బిగించాలి. నేను బీటెక్‌లో చదివిన స్ట్రక్చర్స్ మొత్తం అక్కడ చెమటలో కనిపిస్తుంది.

ఒకప్పుడు ఇవన్నీ ఎడ్లబండ్ల మీద వచ్చేవి, చిన్నవి. మరి ఇంత ఎత్తు ఎక్కడి నుంచి వచ్చింది? కరెంటు ఒక కారణం. నా లెక్కలో అసలు కారణం నాగార్జునసాగర్ కుడి కాలువ. 1955లో నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో నీళ్ళు వదిలారు. నీళ్ళొచ్చాక పత్తి, మిర్చి. డబ్బులొచ్చాక పక్క ఊరి కంటే మనది ఒక అడుగైనా ఎత్తుండాలన్న పంతం. శివరాత్రి వచ్చేది కూడా పత్తి తీతలు అయిపోయి, మిరపకాయలు కల్లాల్లో ఎర్రగా ఎండే రోజుల్లోనే కదా. చేతిలో నాలుగు డబ్బులు ఆడే టైమ్.

డబ్బు ఆడకపోతే? 1987లో పత్తి మీద తెల్లదోమ పడింది. మందులు విపరీతంగా కొట్టేసరికి దోమని తినే పురుగులు చచ్చాయి, దోమ చావలేదు. ప్రకాశం, గుంటూరు రైతులు అప్పుల్లో మునిగిపోయారు. కొంతమంది చేలో కొట్టాల్సిన మందే తాగారు. మా నాన్నకి అప్పుడు పదిహేడేళ్ళు. ఆ శివరాత్రికి చందా అడగటానికి ఏ గడప ఎక్కాలన్నా భయమేసిందంట. పెద్ద ప్రభ లేవలేదు. ఎడ్లబండి మీద చిన్నది కట్టి, పాటలు పెట్టకుండా తీసుకెళ్ళి వచ్చారు. ఊళ్ళో ఎవరినడిగినా ఆ ఏడుని "చిన్న ప్రభ ఏడు" అంటారు గానీ, తెల్లదోమ ఏడు అనరు.

ఇప్పుడు చందాకి ఇబ్బంది లేదు. హైదరాబాద్ నుంచి, డల్లాస్ నుంచి ఫోన్‌పేలు, ట్రాన్స్‌ఫర్లు వచ్చేస్తాయి. కట్టే మనుషులే లేరు. దారి పొడవునా కరెంటు తీగలు, ముందుగా లైన్‌మెన్‌తో మాట్లాడి సప్లై ఆపించాలి. ఒక్క మోకు జారితే కింద వందల మంది. మా ఊళ్ళో ముళ్ళు వేయడం పూర్తిగా తెలిసింది ఒక్క పెద్దాయనకే, ఆయనకి డెబ్భై దాటాయి. పోయినసారి రెండు గంటలు ఫోన్‌లో తీశాను. చూపిస్తే నవ్వాడు.

"ముడి ఎట్టా వెయ్యాలో కనపడుద్ది రా అబ్బాయ్, ఎంత బిగించాలో కనపడదుగా. వచ్చే ఏడు పది రోజులు ముందే రా. ఫోన్ ఇంట్లో పెట్టేసి రా."

పది రోజులు వీడియోలు ఉండవు, ముందే చెప్తున్నా.